మెత్తటి మైనపు రంగు పెన్సిళ్లు: విశాఖ ఉక్కపోతలో వాటితో బొమ్మ వేసే పద్ధతి, లాభనష్టాలు

కలర్ పెన్సిల్‌తో సీరియస్‌గా బొమ్మలు వేద్దామనుకునే ప్రతివారూ మొదట్లోనే ఒక ప్రశ్న దగ్గర ఆగుతారు: ప్రిస్మాకలర్ ప్రీమియర్ లాంటి మెత్తటి మైనపు పెన్సిళ్లు కొనాలా, పాలిక్రోమోస్ లాంటి ఆయిల్ పెన్సిళ్లు కొనాలా? వీడియోల్లో దీనికి సమాధానం చెప్పేవాళ్లలో చాలామంది చల్లటి, పొడి గదుల్లో కూర్చుని చెబుతారు. మన విశాఖలో ఏప్రిల్ వచ్చిందంటే ఫ్యాన్ కింద కూర్చున్నా అరచెయ్యి తడిగానే ఉంటుంది. ఇక్కడ మైనం తీరు వేరు, కాగితం తీరూ వేరు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మెత్తటి పెన్సిల్ ఇచ్చే సుఖమూ, పెట్టే తిప్పలూ ఒకే మైనంలోంచి వస్తాయి. కాగితం మీదికి ఆ మైనం ఎప్పుడు, ఎంత వెళ్లాలో మీరు నిర్ణయించగలిగితే ఈ పెన్సిళ్లంత హాయైన మీడియం ఇంకోటి లేదు. కింద చెప్పే ప్రతి అడుగూ దాని కోసమే.

లెడ్‌లో ఏముంటుంది

లెడ్ అంటే పెన్సిల్ లోపలి రంగు కడ్డీ. అందులో ఉండేవి: రంగునిచ్చే పిగ్మెంట్, దాన్ని పట్టి ఉంచే మైనం, గట్టిదనం కోసం బంకమట్టి లేదా టాల్క్ లాంటి ఫిల్లర్, కొద్దిగా జిగురు. స్కూలు పిల్లల పెన్సిళ్లలో కూడా మైనమే ఉంటుంది కానీ ఫిల్లర్ ఎక్కువ, పిగ్మెంట్ తక్కువ. అందుకే ఎంత రుద్దినా రంగు పల్చగానే కనిపిస్తుంది. ఆర్టిస్టుల మెత్తటి పెన్సిల్‌లో పిగ్మెంట్ దండిగా ఉంటుంది, మైనం మెత్తగా ఉంటుంది. ఆయిల్ పెన్సిళ్లని పిలిచేవాటిలో నూనె పాలు ఎక్కువ. వాటిలోనూ కొంత మైనం ఉంటుంది కాబట్టి ఈ రెండు జాతుల్నీ ఒకే బొమ్మలో కలిపి వాడుకోవచ్చు. చాలామంది ఆర్టిస్టులు చివరికి చేసేది అదే.

మైనపు రకంలో పేరున్నవి: ప్రిస్మాకలర్ ప్రీమియర్ (1938 నుంచి వస్తోంది, ఇప్పుడు 150 రంగులు), డెర్వెంట్ కలర్‌సాఫ్ట్ (72 రంగులు), కారన్ డాష్ లుమినాన్స్. ఆయిల్ రకంలో ఫేబర్ కాస్టెల్ పాలిక్రోమోస్, 120 రంగులు.

ఏ బొమ్మకు సరిపోతాయి, దేనికి సరిపోవు

పెన్సిళ్లు కొనే ముందు మీరు వేయాలనుకునే బొమ్మల గురించి ఆలోచించండి. మెత్తటి పెన్సిల్ పెద్ద జాగాను త్వరగా కప్పుతుంది. ఒక రంగు మీద ఇంకో రంగు వేస్తే రెండూ కలిసిపోతాయి. బ్రష్షూ ద్రావకమూ అక్కర్లేదు. ముఖం, మామిడిపండు, మందార రేకు, ఇసుక, పొద్దుటి ఆకాశం లాంటివాటికి దీనికి సాటి లేదు. నల్ల కాగితం మీద, గోధుమరంగు క్రాఫ్ట్ కాగితం మీద అయితే దీని సత్తా ఇంకా బాగా తెలుస్తుంది. గట్టి పెన్సిల్ గీతలు ఆ కాగితాల్లో మునిగిపోతాయి, మెత్తటిది పైన నిలబడి మెరుస్తుంది.

ఇదే పెన్సిల్ పట్టుకుని ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి మరబోట్ల తాళ్లు, కొయ్యలు, పక్కల మీద రాసిన పేర్లు గీయబోతే విసుగొచ్చేస్తుంది. నాలుగు గీతలకే మొన మొద్దుబారుతుంది. సన్నటి గీత గీయాలంటే ప్రతిసారీ చెక్కాలి, చెక్కినప్పుడల్లా పెన్సిల్ తరుగుతుంది. అలాంటి పనికి పాలిక్రోమోస్ గానీ, ప్రిస్మాకలర్‌లోనే గట్టి రకమైన వెరిథిన్ గానీ మేలు.

మిగతా నష్టాలు: లెడ్ సులువుగా విరుగుతుంది. గీస్తుంటే రంగు రవ్వలు రాలతాయి. రబ్బరుతో పూర్తిగా చెరగదు. కాగితం గరుకు త్వరగా నిండిపోయి కొత్త పొర పట్టదు. ముదురు రంగుల మీద తర్వాత తెల్లటి పొగలాంటి పొర తేలుతుంది. కొన్ని రంగులు వెలుగుకు వెలిసిపోతాయి. ఈ చివరి మూడింటి గురించి కింద వివరంగా చెబుతాను, ఎందుకంటే బొమ్మ పాడయ్యేది ఎక్కువగా వాటివల్లే.

కొనేటప్పుడు

మొదటిసారే 150 రంగుల డబ్బా కొనకండి. 24 లేదా 36 చాలు. పొరల మీద పొరలు వేసి రంగులు పుట్టించడం ఈ పెన్సిళ్లతోనే బాగా వస్తుంది, పెద్ద సెట్టు ఆ అలవాటును చంపేస్తుంది. విడి పెన్సిళ్లు అమ్మే చోటు ముందే చూసి పెట్టుకోండి. తెలుపు, క్రీమ్ మిగతా రంగులకంటే చాలా ముందే అయిపోతాయి. ఆ రెండూ విడిగా దొరక్కపోతే డబ్బా మొత్తం మూల పడుతుంది.

షాపులో చేతికి ఇస్తే రెండు విషయాలు చూడండి. పెన్సిల్ వెనక కొసన లెడ్ సరిగ్గా మధ్యలో ఉందా, ఒక పక్కకు జరిగిందా? జరిగి ఉంటే చెక్కేటప్పుడు ఒకవైపు చెక్క మందంగా మిగిలి, లెడ్ విరుగుతూనే ఉంటుంది. రెండోది, గాజు కౌంటర్ మీద దొర్లించి చూడండి. వంకర పెన్సిల్ ఎగిరెగిరి దొర్లుతుంది. ఆన్‌లైన్లో తెప్పించుకుంటే డబ్బా తెరిచిన రోజే ఇవి చూసి, బాగోకపోతే వెంటనే వాపసు పెట్టండి.

ఇంట్లో టైల్స్ నేల ఉంటే బల్ల కింద చాపో పాత దుప్పటో పరవండి. పెన్సిల్ ఒక్కసారి నేలకు తగిలిందంటే చెక్క లోపల లెడ్ ముక్కలు ముక్కలవుతుంది. పైకి ఏమీ తెలియదు, తర్వాత చెక్కినప్పుడల్లా అరంగుళం ఊడి వస్తుంది.

చెక్కడానికి పదునైన బ్లేడున్న చిన్న మెటల్ షార్ప్‌నర్ వాడండి. పెన్సిల్‌ని కదపకుండా పట్టుకుని షార్ప్‌నర్‌ని తిప్పండి. లెడ్ మీద మెలి తగ్గుతుంది, విరగడం కూడా తగ్గుతుంది.

కాగితం

పెన్సిల్ మీద పెట్టే డబ్బులో కొంత తగ్గించి కాగితం మీద పెట్టండి. మైనం నిలిచేది కాగితం పైనున్న సన్నటి గరుకులో. మరీ నున్నటి కాగితం మీద మూడు పొరలకే జారుడు మొదలవుతుంది. మరీ గరుకైతే తెల్లటి చుక్కలు మిగిలిపోతాయి, వాటిని మూయడానికి గట్టిగా నొక్కాల్సి వస్తుంది. మధ్యరకంగా ఉండే వెల్లమ్ ఫినిష్ బ్రిస్టల్ (కొద్దిపాటి గరుకున్న మందపాటి డ్రాయింగ్ కాగితం) గానీ, 300 జీఎస్ఎం హాట్ ప్రెస్ (వేడితో నొక్కి గరుకు తగ్గించిన) వాటర్‌కలర్ కాగితం గానీ తీసుకోండి. ప్రాక్టీసుకు మందపాటి కార్ట్రిడ్జ్ (మామూలు డ్రాయింగ్) కాగితం చాలు.

విశాఖలో కాగితానికి ఇంకో బాధ ఉంది. గాలిలోని తేమ పీల్చుకుని మెత్తబడుతుంది. మెత్తబడ్డ కాగితం మీద కొంచెం నొక్కినా గాడి పడుతుంది, ఆ గాడిలోకి తర్వాతి రంగు దిగదు. షీట్లను పెద్ద జిప్ కవర్లో, సిలికా జెల్ పొట్లాలతో, పడుకోబెట్టి దాచండి. సముద్రం వైపు గోడకు ఆనుకున్న బీరువాలో మాత్రం పెట్టకండి. వానాకాలంలో కవర్లోంచి పనికి కావలసిన ఒక్క షీటే తీసి, మిగతావి వెంటనే మూసేయండి.

రంగుల పట్టిక, ఎండ పరీక్ష

కొత్త డబ్బా తెరవగానే ప్రతి రంగునీ మూడు ఒత్తిళ్లలో గీసి, పక్కన పేరు రాసి ఒక పట్టిక చేసుకోండి. పెన్సిల్ వెనక కనిపించే రంగుకూ కాగితం మీద పడే రంగుకూ చాలాసార్లు పొంతన ఉండదు.

అదే రోజు ఎండ పరీక్ష కూడా మొదలుపెట్టండి. రంగు పెన్సిళ్లు వెలుగుకు ఎంత నిలుస్తాయో చెప్పే ప్రమాణం ఒకటుంది, ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ ఇచ్చిన డి6901. అందులో ఒకటి నుంచి ఐదు దాకా తరగతులు. మొదటి రెండూ నమ్మకమైనవి. లుమినాన్స్‌ని ఈ ప్రమాణాన్ని మనసులో పెట్టుకునే చేశారు, ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. ప్రిస్మాకలర్ 150లో అన్నీ నిలిచేవి కావు. గులాబీ, వంకాయ రంగులు ముందు వెలిసిపోతాయి. ఏ కంపెనీ డబ్బా కొన్నా కాగితం పట్టీ మీద ప్రతి రంగూ ఒక గీత గీసి, సగం మందపాటి నల్ల అట్టతో మూసి, పడమటి కిటికీ అద్దానికి లోపలి వైపు అంటించండి. మన వేసవి ఎండకు మూడు నెలల్లో తేడా కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. వెలిసిన పెన్సిళ్లకు దారం కట్టి పక్కన పెట్టుకోండి. స్కెచ్‌బుక్‌కి వాడుకోవచ్చు, డబ్బు తీసుకుని వేసే బొమ్మలో మాత్రం వద్దు.

పొరలు వేయడం: ఎర్రమట్టి దిబ్బల మీద

మెత్తటి పెన్సిల్ నేర్చుకోవడానికి మన ఊరు ఇచ్చిన మంచి సబ్జెక్టు భీమిలి దారిలో ఉన్న ఎర్రమట్టి దిబ్బలు. ఇసుక రేణువుల మీద పట్టిన ఐరన్ ఆక్సైడ్ వల్ల వచ్చిన ఎరుపు అది. వాననీరు కోసిన లోతైన గాడులు, గట్ల అంచుల్లోంచి బయటికి వేలాడే పొదల వేళ్లు, పొద్దున ఏటవాలు వెలుగు. పెద్ద జాగాలు, మెత్తటి మలుపులు, గరుకు ఉపరితలం: మైనపు పెన్సిల్‌కి కావలసినవన్నీ ఉన్నాయి. పొద్దున్నే వెళ్లి ఫొటోలు తీసుకుని, బొమ్మ ఇంటి దగ్గర వేయండి. అక్కడ కూర్చుని వేస్తే ఎగిరే ఇసుక కాగితం మీద పడి, పెన్సిల్ కింద నలిగి గీతలు పెడుతుంది.

ఈ బొమ్మకు ఐదు రంగులు సరిపోతాయి: క్రీమ్, ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), టెర్రా కోటా (ఇటుక రంగు), టస్కన్ రెడ్ (ముదురు గోధుమ ఎరుపు), ఇండిగో బ్లూ (ముదురు నీలం).

స్కెచ్ గ్రాఫైట్‌తో వేయకండి. ఆ మసి మైనంతో కలిసి లేత రంగుల్ని మురికి చేస్తుంది, తర్వాత తీయలేరు. టెర్రా కోటా పెన్సిల్‌తోనే, కనీకనపడనట్టు గీయండి. రంగు మొదలుపెట్టక ముందే, ఇంకు అయిపోయిన బాల్‌పెన్‌తో వేలాడే వేళ్లను కాగితంలోకి నొక్కి గీయండి. ఆ సన్నటి గాడుల్లోకి పెన్సిల్ దిగదు. పైన ముదురు రంగు వేసినప్పుడు వేళ్లు తెల్లటి గీతలుగా వాటంతట అవే బయటపడతాయి. వేరు తెల్లగా కాకుండా లేత పసుపుగా కావాలంటే ముందు అక్కడ ఓకర్ వేసి, తర్వాత నొక్కండి. మెత్తటి మొనతో ఎంత ప్రయత్నించినా రాని సన్నదనం ఇలా వస్తుంది.

ఇప్పుడు మొదటి పొర. ఎండ పడే గట్ల మీద ఓకర్, గాడుల్లో ఇండిగో. మట్టి బొమ్మలో నీలం ఎందుకని అనుమానం రావచ్చు. నీడని నలుపుతో వేస్తే బొగ్గు పూసినట్టు చచ్చుగా ఉంటుంది, నీలం మీద ఎరుపు పడితే ఆ నీడలో లోతు వస్తుంది. పెన్సిల్‌ని వెనగ్గా పట్టుకుని, చిన్న చిన్న గుడ్ల ఆకారంలో చుట్టండి. సంతకం పెట్టేటప్పుడు వాడే ఒత్తిడిలో సగం కూడా అక్కర్లేదు. పొర అయ్యాక కాగితం తెల్లదనం ఇంకా బాగా కనిపిస్తూ ఉండాలి. అలా కనిపిస్తే పని సరిగ్గా జరుగుతున్నట్టే.

రెండో పొర టెర్రా కోటా, బొమ్మంతా, గాడుల మీద కూడా. మూడోది గాడుల్లోకి, గట్ల వెనకకూ టస్కన్ రెడ్. ప్రతి పొరకూ చెయ్యి దిశ మార్చండి. ఒకే దిశలో పోతే మైనం గట్లు గట్లుగా పేరుకుంటుంది. ఇలా తిప్పి తిప్పి ఆరేడు పొరల దాకా వేయొచ్చు. ఒత్తిడి మాత్రం పెరగకూడదు.

కాగితంలో ఇంకా చోటుందో లేదో తెలుసుకోవడానికి బొమ్మను ట్యూబ్‌లైట్ కిందికి తీసుకెళ్లి ఏటవాలుగా చూడండి. మెరుపు లేని గరుకు కనిపిస్తే ఇంకా పొర పడుతుంది. నూనె రాసినట్టు మెరిస్తే గరుకు నిండిపోయింది, అక్కడ ఇంకేం వేసినా జారుతుంది. ఈ ఒక్క పరీక్ష అలవాటైతే పెన్సిళ్ల మీద వచ్చే టెన్షన్ సగం పోతుంది.

పని చేస్తున్నంతసేపూ చేతి కింద బటర్ పేపరో ట్రేసింగ్ పేపరో ఉండాలి. చెమట తడి, చేతి నూనె తగిలిన చోట రంగు సరిగ్గా పట్టదు. రాలిన రవ్వల్ని నోటితో ఊదకండి, తుంపర పడిన చోట మచ్చ అవుతుంది. మెత్తటి వెడల్పు బ్రష్‌తో తోయండి. మధ్యాహ్నం మరీ వేడిగా ఉంటే పని ఆపేయండి. వేడికి లెడ్ మరింత మెత్తబడి, మీకు తెలియకుండానే మైనం మందంగా పడుతుంది. పెన్సిళ్లను స్కూటర్ డిక్కీలో గానీ ఎండలో నిలిపిన కారులో గానీ వదిలేయకండి.

కలపడం, పాలిష్ పట్టడం

పొరలన్నీ అయ్యాకే గట్టిగా నొక్కే పని. లేత రంగు పెన్సిల్‌తో గానీ రంగులేని బ్లెండర్ పెన్సిల్‌తో గానీ బలంగా రుద్ది కింది రంగుల్ని కలిపేయడాన్ని బర్నిషింగ్ అంటారు. కాగితం తెల్లచుక్కలు మాయమై, పెయింటింగ్‌లా నున్నగా వస్తుంది. చూడముచ్చటగా ఉంటుంది కాబట్టి బొమ్మంతా రుద్దేయాలనిపిస్తుంది. వద్దు. దిబ్బల బొమ్మలో ఎండ తగిలే గట్ల అంచుల మీద మాత్రమే క్రీమ్‌తో బర్నిష్ చేసి, గాడుల్ని మాట్‌గా, అంటే మెరుపు లేకుండా వదిలేయండి. మెరిసే భాగం ముందుకు వస్తుంది, మాట్ భాగం వెనక్కి వెళుతుంది. లోతు సగం అక్కడే వచ్చేస్తుంది. గాడుల అంచుల్లో పదునైన ముదురు గీతలు కావాలంటే బర్నిష్ చేయక ముందే ఒక ముదురు గోధుమ ఆయిల్ పెన్సిల్‌తో గీయండి.

ఇంకో దారి ద్రావకం. వాసన లేని మినరల్ స్పిరిట్ గానీ ఆర్టిస్టుల టర్పెంటైన్ గానీ మైనాన్ని కరిగించి రంగును గరుకు లోయల్లోకి దింపుతుంది. బర్నిషింగ్‌లా గరుకును నింపేయదు కాబట్టి, ఆరాక మళ్లీ పొరలు పడతాయి. పెద్ద ఆకాశానికి ఇదే నయం. రెండు మూడు పల్చటి పొరలయ్యాక బ్రష్ ముంచి, గుడ్డకు బాగా అద్ది, తేమగా మాత్రమే రాయండి. పూర్తిగా ఆరేదాకా పెన్సిల్ పెట్టకండి. పల్చటి కాగితం మీద చేస్తే వెనక్కి మరక దిగుతుంది. కిటికీలు తెరిచి, వంటగదికి దూరంగా చేయండి. టర్పెంటైన్ అంటిన గుడ్డని ఉండ చుట్టి చెత్తబుట్టలో పడేయకుండా బయట పరిచి ఆరబెట్టండి.

నీళ్లరంగులతో కింద పూత వేద్దామనుకుంటే అది మైనం కంటే ముందే కావాలి. మైనం పడ్డాక నీళ్లు పట్టవు.

తీయడం

మైనం పూర్తిగా చెరగదని ముందే ఒప్పుకుని పని మొదలుపెట్టడం మంచిది. మామూలు రబ్బరుతో రుద్దితే రంగు పాముకుని కాగితంలోకి ఇంకా దిగుతుంది. పిండిలా నలపగలిగే పుట్టీ రబ్బరును అద్ది ఎత్తండి. ఇంకా తీయాలంటే సెల్లో టేపు ముక్క జిగురును బట్టకు రెండుసార్లు అద్ది తగ్గించి, మచ్చ మీద వదులుగా పెట్టి, పైనుంచి పెన్ కొసతో కావలసిన చోటే గీసి, మెల్లగా ఎత్తండి. గీసినంత మేరకే రంగు లేచి వస్తుంది. నీటి మీద మెరుపులు, కంటిలో చుక్క ఇలాగే తీయొచ్చు.

పొగలాంటి పొర, బూజు: రెండూ ఒకటి కావు

బొమ్మ అయిన కొన్ని రోజులకో వారాలకో, మందంగా వేసిన ముదురు రంగుల మీద తెల్లటి పొగ కమ్మినట్టు కనిపిస్తే అది వ్యాక్స్ బ్లూమ్. లోపలి మైనం పైకి తేలి వచ్చింది. బొమ్మకు నష్టమేమీ లేదు. మెత్తటి కాటన్ గుడ్డతో, నొక్కకుండా తుడిస్తే రంగు మళ్లీ బయటపడుతుంది. మైనం మందం ఎంత ఎక్కువైతే ఇది అంత ఎక్కువ. తేలికపాటి పొరలు వేయమని అంతగా చెప్పడానికి ఇదీ ఒక కారణం.

అయితే మన ఊళ్లో తెల్లగా కనిపించేదంతా బ్లూమ్ కాదు. బూజు కూడా తెల్లగానే మొదలవుతుంది. తేడా ఇలా కనిపెట్టండి: బ్లూమ్ ముదురు రంగు ఉన్నంత మేరా సమానంగా పరుచుకుంటుంది, రంగు లేని కాగితం మీద అస్సలు ఉండదు. బూజు చుక్కలు చుక్కలుగా వస్తుంది, ఖాళీ కాగితం మీదా అంచుల మీదా కూడా కనిపిస్తుంది, ముక్కు దగ్గర పెడితే ముక్కిన వాసన వస్తుంది. బూజైతే ఆ బొమ్మను వెంటనే మిగతా వాటి నుంచి వేరు చేసి గాలి తగిలే పొడి చోట పెట్టండి. గుడ్డతో రుద్దితే ఇంకా పాకుతుంది.

బ్లూమ్ మళ్లీ రాకుండా ఉండాలంటే తుడిచాక ఫిక్సేటివ్ (బొమ్మను కాపాడే పూత) స్ప్రే పల్చగా రెండు మూడు కోట్లు, మధ్యలో ఆరనిస్తూ కొట్టాలి. వానాకాలంలో, తుపాను ముసురులో మాత్రం కొట్టకండి. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే స్ప్రే ఆరేలోపే పాలరంగుకు తిరిగి బొమ్మంతా మసకేస్తుంది, దాన్ని తుడవడం కుదరదు. డిసెంబరు, జనవరిల్లో పొడిగా ఉన్న రోజు చూసుకుని, ముందు అదే పెన్సిళ్లతో గీసిన చిత్తు కాగితం మీద కొట్టి, అది ఆరాకే బొమ్మ మీద కొట్టండి.

ఫ్రేము

పూర్తయిన బొమ్మల మధ్య బటర్ పేపర్ పెట్టి, పడుకోబెట్టి దాచండి. చుడితే మైనం పొర పగులుతుంది, ఒకదాని రంగు ఇంకోదానికి అంటుతుంది. ఫ్రేము కట్టేవాళ్లు కొందరు గాజును నేరుగా కాగితానికి ఆనించి కడతారు. అలా చేస్తే వేసవిలో మైనం గాజుకు అంటుకుంటుంది. మధ్యలో మౌంట్ బోర్డు వేసి ఖాళీ ఉంచమని గట్టిగా చెప్పండి. ఎండ నేరుగా పడే గోడ, తడి చెమ్మ ఎక్కే గోడ రెండూ వద్దు. ఫ్రేము వెనక నాలుగు మూలలా చిన్న రబ్బరు బుడిపెలు అంటిస్తే గోడకూ బొమ్మకూ మధ్య గాలి ఆడుతుంది.

ఆర్డరు మీద వేసిన బొమ్మైతే వెనక అట్ట మీద ఏ కంపెనీ పెన్సిళ్లు, ఏ కాగితం, ఫిక్సేటివ్ కొట్టారా లేదా, ఏ నెలలో అన్నది రాసి పెట్టండి. రెండేళ్ల తర్వాత వాళ్లు తెల్లటి పొగ వచ్చిందని ఫోన్ చేస్తే, గుడ్డతో తుడవమని చెప్పాలో బొమ్మ తీసుకురమ్మని చెప్పాలో ఆ రాతను బట్టే మీకు తెలుస్తుంది.